సగం ధరకు జాంజిబార్

బీచ్ ఎదురుగా రెండు గదులు, మూడు రాత్రులకు కలిపి 330 డాలర్లు. డిసెంబర్‌లో ఇవే గదులు 660. బుక్ చేసిన రోజు మా ఆవిడ ముందు కాలర్ ఎగరేశాను. అది ఎంతసేపు నిలబడిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మేం టాంజానియాలోని దారెస్సలాంలో ఉంటాం. అనంతపురం ఎండలు తప్పించుకుందామని అత్తయ్య, మామయ్య మార్చిలో మా దగ్గరికొచ్చారు. ఇక్కడ మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, స్వాహిలీలో మసికా అంటారు. గట్టిగా రెండు గంటలు కురిస్తే చాలు, ఊళ్లోని జంగ్వాని దగ్గర మ్సింబాజి నది రోడ్డెక్కుతుంది, బస్సులు ఆగిపోతాయి. ఈస్టర్‌కి నాలుగు రోజులు సెలవులు కలిసొచ్చాయి. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూసేకంటే ఎదురుగా సముద్రంలో ఉన్న జాంజిబార్ దీవికి పోదామన్నాను. ఆఫీసులో "ఏప్రిల్‌లోనా?" అన్నారు. ధర చూపించాను. ఎవరూ మాట్లాడలేదు.

ఫెర్రీ ప్రయాణం రెండు గంటలు. బయటి దేశాలవాళ్లకి ఎకానమీ టికెట్ 35 డాలర్లు. మాకు రెసిడెంట్ పర్మిట్ ఉంది కాబట్టి తక్కువకే వచ్చింది. అత్తయ్యా వాళ్లకి ఇంకో దెబ్బ ఉంది: 2024 అక్టోబర్ నుంచి జాంజిబార్ వచ్చే విదేశీయులు అక్కడి ప్రభుత్వ సంస్థ ఇన్సూరెన్స్ కొని తీరాలి, తలకి 44 డాలర్లు. ఇండియాలో తీసుకున్న పాలసీ ఉన్నా ఇది తప్పదు. ఇద్దరికీ 88, అంటే ఏడున్నర వేల రూపాయలు. ఆన్‌లైన్‌లో ముందే కట్టేయండి. ఫెర్రీలో వెనక వైపు, కింద కూర్చోండి, ఊపు తక్కువ. మేం ముందు కూర్చున్నాం. సిబ్బంది చిన్న సంచులు పంచుతూ వస్తే అవి దేనికని అత్తయ్య అడిగారు. పది నిమిషాల్లో ఆవిడకే తెలిసింది.

రేవు నుంచి తూర్పు తీరంలోని జంబియానికి వ్యాను 50 డాలర్లు. గంటన్నర, దారంతా వాన. లాడ్జి గేటు తీసింది వాచ్‌మన్. లోపల ఉన్నదీ ఆయనొక్కడే. మేనేజర్ ఊళ్లో లేడు. వంటాయన జూన్‌లో వస్తాడు. స్విమ్మింగ్ పూల్ ఖాళీ చేసేశారు, అడుగున జానెడు వాననీళ్లు, అందులో కప్పలు. నాకప్పుడు అర్థమైంది: వీళ్లు సగం ధరకు గది ఇవ్వలేదు, మూసేసిన హోటల్ తాళంచెవి ఇచ్చారు.

గది పైకప్పు కొబ్బరాకులది, ఇక్కడ మకూటి అంటారు. ఫోటోల్లో భలే ఉంటుంది. మా గదిలో సరిగ్గా మంచం కాళ్ల దగ్గర కారింది. వాచ్‌మన్ నీలం బకెట్ తెచ్చి పెట్టి "పోలే" అన్నాడు. పోలే అంటే మన "అయ్యో పాపం" లాంటి మాట. పరుపు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది, ఆరని బట్టల వాసన. దిండు తిప్పితే నల్లటి బూజు చుక్కలు. దోమతెరకి రెండు చిల్లులుంటే మా ఆవిడ జడపిన్నులు పెట్టి బిగించింది, నాతో ఒక్క మాట మాట్లాడకుండా. ఏడింటికి కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు.

అంతకు ముందే మావాడు సముద్రం చూస్తానని పరిగెత్తాడు. సముద్రం అక్కడ లేదు. ఈ వైపు తీరంలో ఆటు సమయానికి నీళ్లు కిలోమీటరు దాకా వెనక్కి పోతాయి. మిగిలేది బురద ఇసుక, వరసగా పాతిన పుల్లలు. ఆ పుల్లల మధ్య తాళ్లు కట్టి ఊరి ఆడవాళ్లు సముద్రపు నాచు పెంచి ఎగుమతికి అమ్ముతారు, 1989 నుంచీ ఇక్కడ ఈ సాగు ఉంది. "ఇదేందప్పా, సముద్రం యాడికి పాయ?" అన్నారు అత్తయ్య. ఈత కొట్టాలంటే ఉత్తరాన నుంగ్వి, కెండ్వా పోవాలి, అక్కడ నీళ్లు ఇంత దూరం పోవు. ఈ సంగతి నేను ముందే చదివాను. ధర చూసి మర్చిపోయాను.

రాత్రి ఆ వాచ్‌మనే వానలో సైకిల్ మీద ఊళ్లోకి వెళ్లి చిప్సీ మయాయి తెచ్చిపెట్టాడు. ఆలుగడ్డ చిప్స్ మీద గుడ్లు కొట్టి పోసిన ఆమ్లెట్ అది. ప్లేటు 4,000 షిల్లింగులు, మన డబ్బుల్లో 130 రూపాయలు. వేడివేడిగా బాగానే ఉంది. అత్తయ్య గుడ్డు తినరు. అనంతపురం నుంచి తెచ్చుకున్న నిప్పట్ల డబ్బా తీసి చీకట్లో కటుక్కు కటుక్కుమని కొరుకుతూ కూర్చున్నారు. ప్రతి కటుక్కూ నాకే తగిలింది.

సంతోషంగా ఉన్నది మామయ్య ఒక్కరే. అనంతపురంలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు కింద లెక్క. జాంజిబార్‌లో ఏప్రిల్ ఒక్క నెలకే మామూలుగా 350 దాటుతుంది. వరండాలో కుర్చీ వేసుకుని "చూడప్పా, ఎట్ల కొడతాండాదో. ఇందులో సగం మా చెరువులో పడింటే..." అంటూ పదింటిదాకా వాన చూశారు. ఆయనకి ఆ లాడ్జి మీద ఇప్పటికీ ఏ ఫిర్యాదూ లేదు.

పొద్దున మేనేజర్ ఫోన్‌లో దొరికాడు. మిగతా రెండు రాత్రులు ఉండం, ఆ 220 డాలర్లు వెనక్కివ్వండి అన్నాను. "పోలే సనా" అన్నాడు, అంటే ఇంకాస్త పెద్ద పోలే. ఆఫర్ రేటుకి రీఫండ్ లేదట. వంటగది మూసేశామని ఎక్కడైనా రాశారా అని అడిగితే, తెరిచి ఉంటుందని ఎక్కడైనా రాశామా అని ఎదురడిగాడు. పదకొండు నిమిషాల ఫోన్‌లో తొమ్మిది పోలేలు వచ్చాయి, డాలర్ ఒక్కటి రాలేదు. వాచ్‌మన్ చేతిలో 10,000 షిల్లింగులు పెట్టి, ఇంకో 50 డాలర్లకు వ్యాను పిలిచి స్టోన్ టౌన్ వచ్చేశాం.

ఇక్కడే ముందే దిగి ఉంటే ఈ రాత అవసరమే ఉండేది కాదు. 2000లో యునెస్కో జాబితాకెక్కిన పాత ఊరు ఇది. సందులో చిన్న గెస్ట్‌హౌస్, రెండు గదులకు రాత్రికి 80 డాలర్లు, టిఫిన్‌తో సహా. మందపాటి పగడపు రాతి గోడలు, పైన రేకు. అత్తయ్య పక్క మీద అరచెయ్యి ఆనించి చూసి, ఆ తర్వాతే సూట్‌కేసు తెరిచారు.

ఇక్కడ ఇళ్ల ముందు గోడ పొడవునా రాతి అరుగులుంటాయి, బరాజా అంటారు. కూర్చోడానికే అనుకున్నాను. మధ్యాహ్నం వాన దంచికొట్టి సందు కాలువైపోయినప్పుడు చూశాం: మదరసా పిల్లలు, బుట్టలు పట్టుకున్న ఆడవాళ్లు ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదికి అడుగేసుకుంటూ పోతున్నారు. మసికాలో అరుగే ఫుట్‌పాత్. మేమూ అలాగే బయల్దేరాం. ఒక చోట ఎడం ఎక్కువైతే ఒకమ్మాయి అత్తయ్యకి చెయ్యందించి "షికమో" అంది. అది పెద్దవాళ్లని పలకరించే మాట, "మరహబా" అని బదులివ్వాలి. నేను చెప్పేలోపే అత్తయ్య "సల్లగా ఉండు తల్లీ" అనేశారు. ఆ అమ్మాయి నవ్వి తలూపింది.

జాస్ కార్నర్ అనే నాలుగు సందుల కూడలిలో ముసలివాళ్లు కాఫీ తాగుతూ రాజకీయాలు మాట్లాడుకుంటారు. ఇత్తడి కూజాలోంచి గుక్కెడంత కప్పులోకి పోసే చక్కెర లేని నల్ల కాఫీ, 500 షిల్లింగులు. చేదు తగ్గడానికి పక్కన కషాటా, అంటే మన పల్లీ పట్టీయే. మామయ్యకి స్వాహిలీ రాదు, వాళ్లకి తెలుగు రాదు. అయినా రెండు పూటలా అక్కడే ఉన్నారు.

పొద్దున్నే సందు చివర ఒకావిడ బొగ్గుల కుంపటి మీద వితుంబువా వేస్తుంది. గుంతల పెనం చూడగానే అత్తయ్య ఆగిపోయారు. "పొంగణాలు కదప్పా ఇవి!" నానబెట్టిన బియ్యం కొబ్బరిపాలతో రుబ్బి, చక్కెర, యాలకులు వేసి పులియబెట్టిన పిండి. అంచు కరకరలాడుతుంది, లోపల మెత్తన. నాలుగు 1,000 షిల్లింగులు. ఆవిడ పుల్లతో తిప్పుతుంటే నూనె ఇంకాస్త వెయ్యమని అత్తయ్య సైగ చేశారు. వేసింది. ఉగ్గానికి ఉప్పు తక్కువైందని మా ఇంట్లో అలిగే మనిషి, అక్కడ నిలబడి ఆరు తిన్నారు. అప్పుడే మొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు, "చిల్లర ఉండాదా నాయనా?" అని.

ఉరోజో కూడా తినండి. పచ్చిమామిడి పులుపుతో చిక్కటి పసుప్పచ్చ పులుసులో బజ్జీలు, ఉడికిన ఆలుగడ్డ, కర్రపెండలం చిప్స్, కొబ్బరి చట్నీ. 3,000 షిల్లింగులు. శాకాహారులు మాంసం, గుడ్డు వద్దని ముందే చెప్పాలి. ఫోరొధాని తోటలోని రాత్రి బజార్ శనివారం వానకి ఎత్తేశారు, ఆదివారం తెరిచారు. జాంజిబార్ పిజ్జా, అంటే లోపల కూరి మడిచి పెనం మీద కాల్చే రొట్టె, గొప్పేం కాదు. చెరుకురసం బాగుంది.

చాంగు దీవి తాబేళ్ల కోసం పడవ మాట్లాడి 20,000 షిల్లింగులు అడ్వాన్సు ఇచ్చాను. ఆదివారం అలలు పెద్దగా ఉన్నాయని పడవ వెయ్యలేదు. ఆ డబ్బు పోయిందే అనుకున్నాను. పడవాయన తడుస్తూ గెస్ట్‌హౌస్‌కి వచ్చి మొత్తం తిరిగిచ్చి వెళ్లాడు. జంబియాని మేనేజర్‌కి ఈయన ఫోన్ నంబర్ ఇవ్వాలనిపించింది.

1873లో మూసేసిన బానిసల సంత చోటు చూశాం. గుంటలో మెడకు గొలుసులతో నిలబెట్టిన బొమ్మల మీంచి వాన కారుతోంది. మావాడు ఏమీ అడగలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు. హౌస్ ఆఫ్ వండర్స్ అనే పాత సుల్తాన్ల భవనం 2020 డిసెంబర్‌లో కొంత కూలింది కాబట్టి బయట్నుంచే. మసాలా తోటలు బాగున్నాయి. సీజన్ కాదు కాబట్టి బేరమాడితే తలకి 15 నుంచి 10 డాలర్లకు దిగారు. రేవు దగ్గర వెంటపడే ఏజెంట్లని ఇక్కడివాళ్లే పపాసి అంటారు, అంటే పిడుదులు. ఆ పేరు ఊరికే పెట్టలేదు.

మసికాలో వచ్చేవాళ్లు ఊళ్లోనే ఉండండి. బీచ్ తప్పదంటే ఉత్తరానికి పోండి. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి, వంటాయన ఉన్నాడా, జనరేటర్‌లో డీజిల్ ఉందా, కప్పు ఆకుదా రేకుదా అని అడగండి. తలుపుకి తాళం ఉందా అన్నట్టు అడిగామని సిగ్గుపడొద్దు.

తిరుగు ఫెర్రీలో వెనకే కూర్చున్నాం. ఆ 220 డాలర్ల కోసం కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. 45 రోజులన్నారు. ఇవాళ్టికి 31. నిన్న ఆ లాడ్జి నుంచి మెయిల్ వచ్చిందంటే ఆశగా తెరిచాను. నవంబర్ వానలకు 40 శాతం తగ్గింపట.