కొబ్బరి తోటలో వడ్రంగి పిట్టల కోసం కొన్న 8×42 బైనాక్యులర్స్

బైనాక్యులర్స్ కొనేవాళ్లు ముందు అడిగేది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందనే. మా కోనసీమలో పిట్టల్ని చూడాలంటే మాత్రం రెండో అంకె ముఖ్యం. 8×42లో 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. కొబ్బరి కింద కోకో, అరటి వేసిన తోటలో మిట్టమధ్యాహ్నం కూడా వెలుతురు పలచగానే ఉంటుంది. మా అబ్బాయి దగ్గరున్న చిన్న 8×21తో చూస్తే మాను మీద పిట్ట నల్లగా మాత్రమే తెలిసేది. ఈ 8×42లో దాని వీపు మీది పసుపు మెరుస్తోంది. 10×50 కూడా పట్టి చూశాను. బరువెక్కువ, తలెత్తి మొవ్వు వైపు చూసేసరికి చెయ్యి అదిరి ఏదీ నిలకడగా కనబడలేదు.

మా తోటల్లో ఎక్కువగా తిరిగేది బంగారు వీపు, ఎర్ర జుట్టు ఉన్న రకం. నడుము నలుపు, నల్ల గొంతు మీద తెల్ల చారలు. మగదానికి నుదుటి నుంచీ ఎరుపే. ఆడదానికి ముందు భాగం నల్లగా, తెల్ల చుక్కలతో ఉంటుంది, ఎరుపు వెనక మాత్రమే. ఆ చుక్కలు వట్టి కంటికి ఎక్కడ అందుతాయి! పాపికొండల అడవుల వైపు వెళ్తే ఇలాంటిదే ఇంకాస్త పెద్దది ఉంటుంది. దాని నడుము ఎర్రగా ఉంటుంది, బుగ్గ మీది నల్ల గీత రెండు పాయలవుతుంది. ఎగిరేటప్పుడు నడుము రంగు పట్టుకోగలిగితే చాలు, ఏదో తేలిపోతుంది. ఇటుక రంగు వడ్రంగి పిట్ట మరో రకం, చెట్ల మీద చీమలు కట్టిన గూడునే తొలిచి అందులో గుడ్లు పెడుతుంది.

మా గట్టు మీద పిడుగు పడి మోడైన కొబ్బరి చెట్టు ఒకటుంది. దాని మీద వాలిన పిట్టను ఇందులోంచి చూడాలి! రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి వేసి మానును పట్టుకుంటుంది. బిరుసు తోకను మానుకి ఆనించి, దాని మీద బరువు మోపి ముక్కుతో కొడుతుంది. దెబ్బ పడ్డప్పుడల్లా తోక ఈకలు వంగడం కూడా కనిపించింది. ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టు కొట్టి తీసెయ్యాల్సిందే, లేకపోతే పక్క చెట్లు పోతాయి. పురుగు లేని ఎండు మోడును మాత్రం దయచేసి ఉంచండి. వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రల్లో గోరింకలు, చిలకలు పిల్లల్ని పెడతాయి.

నాకు కళ్లజోడు ఉంది. కంటి దగ్గరి రబ్బరు కప్పులు తిప్పి కిందికి దించితే అంచుల దాకా కనబడుతోంది. లోపల నైట్రోజన్ నింపిన రకం కాబట్టి వానాకాలంలోనూ లోపలి అద్దాలకి ఆవిరి పట్టలేదు. మన గాలిలో తేమకి బూజు భయం ఎప్పుడూ ఉంటుంది గనక, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను.

మెడ పట్టీ మాత్రం బాగాలేదు. సన్నటి నైలాన్, కాసేపటికే మెడ కోసుకుపోతుంది. వెడల్పాటి పట్టీ విడిగా కొనుక్కున్నాను. ముందు అద్దాల మూతలు వదులు, ఒకటి బోదెలో పడి పోయింది. కొనేటప్పుడు మూతలు లాగి చూడండి, కళ్లజోడు ఉన్నవాళ్లు అది పెట్టుకునే చూడండి.