అండమాన్‌లో ఆఖరి రోజులు: నీల్‌లో గది తీసుకునే ముందు చెకౌట్ టైమ్ అడగండి

ముందే చెప్తున్నా, అండమాన్ చాలా బాగుంది, మళ్ళీ వెళ్తాను. కానీ ఇది రాస్తున్నది నీల్ దీవిలో మేం దిగిన గది గురించి, కాలు వాచి కూర్చున్న మనిషికి ఒక బకెట్ వేడినీళ్ళు ఇవ్వడానికి వంద రూపాయలు అడిగిన ఓనర్ గురించి. తిరుపతికి తిరిగొచ్చి రెండు వారాలైంది, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

వెళ్ళింది ముగ్గురం. నేను, మా అక్క, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న అక్క కొడుకు. వీపుకి తలా ఒక బ్యాగు, నవంబర్ ఆఖర్లో తొమ్మిది రోజులు. అక్కకి నలభై ఎనిమిదేళ్ళు, చెన్నై, బెంగళూరు దాటి ఎక్కడికీ పోలేదు, విమానం ఎక్కడం కూడా ఇదే మొదటిసారి. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్, వాడికి స్కూబా (4,500), రోజుకి 500 చొప్పున స్కూటీ, అంతా హాయిగా గడిచింది.

ఒక చిన్న గందరగోళం మాత్రం ఉంది, కొత్తగా వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. 2018లో హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్లలో కొత్త పేర్లు కనిపిస్తాయి, ఆటోవాళ్ళు పాత పేర్లే అంటారు. రెండూ గుర్తుపెట్టుకోండి.

నీల్‌కి బుధవారం చేరాం. చిన్న దీవి, ఊళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. ఆ పేర్లు వినగానే అక్కకి ఎంత సంతోషమో చెప్పలేను, అప్పటిదాకా సముద్రం అంటే భయపడుతూ వెనకాల నడిచిన మనిషి ఆటోలో ముందుకి వంగి ఒక్కో బోర్డూ చదివింది. వెదురు గుడిసె లాంటి గది 1,500, మూడో మనిషికి పరుపు 300, రెండు రాత్రులకి 3,600 ముందే కట్టించుకున్నాడు. ఫోటోలో ఉన్న గది వేరు, మాకిచ్చింది వేరు, బాత్‌రూమ్ తలుపుకి గొళ్ళెం లేదు. రెండు రాత్రులే కదా అని ఊరుకున్నాం. అక్కడే గట్టిగా మాట్లాడి ఉండాల్సింది.

గురువారం లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన చూడ్డానికి పోయాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే అక్కడికి నడవగలం, దారంతా చచ్చిన పగడాల రాళ్ళు, పైన నాచు. మామూలు చెప్పులతో వెళ్ళిన అక్క జారి పడింది. చీలమండ గంటలో బూరెలా పొంగింది. బయట అంగట్లో జారని ప్లాస్టిక్ బూట్లు 250కి అమ్ముతున్నారు, అవి మా కంట పడింది అక్క పడ్డాక. దయచేసి ఆ 250 ముందే పెట్టండి.

ఆ రాత్రి వాన మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండం అని ఫోన్లో చూశాం, ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి తిరుపతిలో కూడా ఒకటే వాన అంది. మా లెక్క ప్రకారం శుక్రవారం పొద్దున ప్రైవేటు బోటు (మనిషికి 1,450) ఎక్కి పోర్ట్ బ్లెయిర్ చేరాలి, శనివారం సెల్యులర్ జైలు చూడాలి, ఆదివారం విమానం. శుక్రవారం ఆరున్నరకి మెసేజ్ వచ్చింది, బోటు రద్దు. ఆ కంపెనీని తప్పుపట్టను, డబ్బు మొత్తం ఐదు రోజుల్లో వెనక్కి వేశారు, ఆ సముద్రం చూస్తే నేనే ఎక్కేదాన్ని కాదు.

నేనూ పిల్లవాడూ జెట్టీకి పరుగెత్తాం, సర్కారు ఓడ ఏమైనా కదులుతుందేమో అడుగుదామని. ఏడుంబావుకి తిరిగొచ్చేసరికి మా మూడు బ్యాగులూ గది బయట, వరండా చివర, వాన జల్లు పడే చోట ఉన్నాయి. అక్క కుర్చీలో, కాలు స్టూలు మీద. చెకౌట్ ఏడున్నరకట! ఈ దీవుల్లో చాలాచోట్ల పొద్దున బోట్లకి తగ్గట్టు చెకౌట్ ఏడున్నర, ఎనిమిదికే పెడతారని తర్వాత తెలిసింది, పద్ధతి అదే అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ముందు చెప్పాలి కదా. పైగా ఏడున్నర ఇంకా కాలేదు, నడవలేని ఆడమనిషి లోపల ఉండగా సామాను బయట పెట్టించడం ఏం పద్ధతి?

ఇంకో రాత్రి ఉంటామన్నాను. అదే గదికి 3,500 అన్నాడు, పరుపుకి 500. నిన్నటికి ఈరోజుకి ఏం మారిందని అడిగితే, బోట్లు లేవు, అందరికీ గదులు కావాలి, మీ ఇష్టం అన్నాడు. వానకి సిగ్నల్ లేక ఫోన్లో డబ్బు వెళ్ళడం లేదు, నోట్లే కావాలన్నాడు. సరే, అక్క కాలికి కాపడం పెట్టడానికి కొంచెం వేడినీళ్ళు ఇవ్వమని అడిగాను. బకెట్ వంద.

అక్కకి హిందీ రాదు, కానీ అతను చూపించిన వేలు చూసి అర్థం చేసుకుంది. "నీళ్ళకి గూడా దుడ్లడగతాడా? లెయ్, పోదాం పద" అని ఒంటికాలి మీద లేచింది. పిల్లవాడు ఆమె భుజం పట్టుకొని, "చిన్నమ్మా, వీడితో కొట్లాట వద్దు, నేను బయట చూసొస్తా" అని ఆ వానలోనే పోయాడు. హేవ్‌లాక్‌లో ఎప్పుడూ ఫోన్లో తల దూర్చి ఉన్నాడని వాణ్ణి నాలుగుసార్లు తిట్టాను. ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నా.

నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. రద్దీ రోజుల్లో కొండ మీద గది దొరక్క కిందికి వచ్చిన యాత్రికులు పిల్లల్ని ఎత్తుకొని బస్టాండ్ చుట్టూ లాడ్జి లాడ్జికీ తిరగడం, ఎనిమిది వందల గదికి రెండు వేలు చెప్పడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. మనకి శ్రీనివాసం, విష్ణు నివాసం లాంటి దేవస్థానం వసతులైనా ఉన్నాయి, అవి నిండిపోతే వచ్చినవాళ్ళ గతి అదే. ఇన్నాళ్ళూ దాన్ని సీజన్ అనేసి పక్కకి తప్పుకొని వెళ్ళిపోయేదాన్ని. ఆ వరండాలో తడిసిన బ్యాగుల పక్కన నిలబడ్డాక, అలా వెళ్ళిపోయినందుకు నిజంగా బాధ కలిగింది.

అరగంటలో పిల్లవాడు ఆటో తీసుకొని వచ్చాడు. సీతాపూర్ దారిలో ఒక బెంగాలీ ఆవిడ ఇల్లు, వెనక రెండు గదులు అద్దెకి ఇస్తారు. ముగ్గురికీ కలిపి 1,000, భోజనం ప్లేటు 150. బోట్లు ఆగాయని తెలిసి కూడా రోజూ తీసుకునే అద్దే తీసుకుంది. అక్క కాలు చూడగానే అడగకుండానే వేడినీళ్ళలో ఉప్పు వేసి తెచ్చింది, సాయంత్రం మళ్ళీ తెచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం మసూర్ పప్పు, ఆవనూనెలో వేయించిన వంకాయ ముక్కలు, మాకు చేపల పులుసు. అక్కడ ఐదింటికే చీకటి పడుతుంది, గడియారం మనదే అయినా సూర్యుడు మనకంటే దాదాపు గంట ముందు ఉంటాడు, కాబట్టి ఏడున్నరకే తిని పడుకున్నాం.

శనివారం అక్కకి ఒకపొద్దు. ఉల్లి, వెల్లుల్లి తినదు, ఇది ఆవిడకి ఎలా చెప్పాలో తెలీక నేను హిందీలో తడబడుతుంటే ఆవిడే "నిరామిష్?" అంది. అక్క వెంటనే "ఆ, ఆ, నిరామిషం!" అంది. మూడు రోజుల్లో అక్క ఎవరితోనైనా నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. ఆ తర్వాత ఇద్దరూ వంటింట్లో కూర్చొని, ఈమె తెలుగులో, ఆమె బెంగాలీలో, గంట మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు అక్క బ్యాగులో మిగిలిన చెనక్కాయల పొడి డబ్బా ఆవిడ చేతిలో పెట్టేసింది. మావాడు తీరంలో ఏరుకున్న పగడం ముక్క చూసి ఆవిడ తీయించేసి వెనక్కి వేసి రమ్మంది. పగడాలు తీసుకురావడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, చచ్చినవైనా సరే ముట్టుకోకండి.

ఆ మధ్యాహ్నం సర్కారు ఓడ నడుస్తుందని తెలిసి పొద్దున ఆరింటి నుంచి లైన్లో నిలబడ్డాం. ప్రైవేటు దాంట్లో సగం కూడా లేదు టికెట్. కౌంటర్లో ఉద్యోగి అక్క ఆధార్ చూసి, ఆమె ఎక్కడని అడిగి, సంగతి చెప్తే కింద వరసలో కిటికీ పక్క సీటు ఇచ్చాడు. రెండు గంటల పైనే పట్టింది, ఓడ ఊగినంతసేపూ అక్క గోవింద నామాలు చదువుతూనే ఉంది. ప్రైవేటు బోట్లే మేలు అని చెప్పేవాళ్ళ మాట పూర్తిగా నమ్మకండి, ఆ రోజు మమ్మల్ని దీవి దాటించింది సర్కారు ఓడే.

దిగాక నేరుగా సర్కారు ఆసుపత్రికి. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు, బెణుకే. కానీ జైలు మూసేశారు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన కట్టడం, ఏడు వరుసల్లో మూడే మిగిలాయి, మావాడు వెళ్ళేముందు నుంచీ దానిమీదే ఆశ పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున ఎయిర్‌పోర్టుకి పోతూ ఆటో ఆపి గేటు బయటి నుంచి చూశాడు, ఏమీ మాట్లాడలేదు. అందుకే చెప్తున్నా: నీల్, హేవ్‌లాక్ ముందు చూసేయండి, ఆఖరి రెండు రాత్రులూ పోర్ట్ బ్లెయిర్‌లోనే పెట్టుకోండి, ఒక్క రాత్రి చాలదు.

శనివారం రాత్రి భోజనం గురించి చెప్పకపోతే తప్పు. అబర్డీన్ బజార్ దగ్గర ఒక తెలుగువాళ్ళ మెస్. పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు చాలామంది, ఈ మెస్ నడిపే ఆయన తాతల కాలంలో వచ్చారట. భోజనం 120, చారు తాగితే ప్రాణం లేచొచ్చింది. ఏ ఊరమ్మా అని అడిగాడు. తిరుపతి అనగానే చేతులు కడుక్కొని వచ్చి నమస్కారం పెట్టాడు. అక్క ఒకపొద్దని తెలిసి ఉల్లిపాయ లేకుండా వేరే గిన్నెలో ఉప్మా చేయించాడు, దానికి డబ్బు తీసుకోలేదు. లేచేటప్పుడు పసుపు గుడ్డలో 116 రూపాయలు కట్టి, పన్నెండేళ్ళ కిందటి మొక్కు, రాలేకపోతున్నాను, హుండీలో వేయండమ్మా అని అక్క చేతికిచ్చాడు.

ఆదివారం చెన్నైలో దిగి, మాధవరం బస్టాండ్‌లో తిరుపతి బస్సెక్కాం. ఎక్స్‌రే మాట డాక్టర్ చెప్పినా అక్కకి తృప్తి లేదు, పుత్తూరులో దిగి కట్టు కట్టించుకుంటేగానీ ఇంటికి రానంది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి కట్టారు.

మొన్న శనివారం కొండకి పోయాం. ఆ కాలితో అలిపిరి దారిన 3,550 మెట్లు ఎక్కలేదు కాబట్టి బస్సులోనే వెళ్ళాం. ముడి విప్పకుండా ఆ పసుపు గుడ్డతోనే హుండీలో వేసింది అక్క. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు కదా, బయటికి వచ్చాక ఆయనకి ఫోన్ చేసి చెప్పాం. ఎన్ని గంటలకి వేశారమ్మా అని అడిగాడు. పదకొండు ఇరవై అని చెప్పింది అక్క.