ఇంకుడు గుంత కోసం మట్టి టెస్ట్ చేయించా: పని బాగుంది, రిపోర్టే అతుకుల బొంత

స్టార్లు ఎన్నియ్యాలో ఇంకా తేల్చుకోలేదు గానీ ఇల్లు కడుతున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తిట్టాల్సిన చోట తిడతా, పొగడాల్సిన చోట పొగుడుతా, రెండూ ఒకే మనుషుల్ని.

మాది పటాన్‌చెరు వైపు 240 గజాల ప్లాట్, 36 బై 60. ఆ చుట్టుపక్కల నేల సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, ఒక వీధిలో ఎర్ర దుబ్బ, పక్క వీధిలో నల్లరేగడి. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్ళు 1972లో వచ్చి పటాన్‌చెరులో దిగడానికి ఒక కారణం కూడా అదే, ఎర్రనేల నల్లనేల రెండూ ఒకే క్యాంపస్‌లో దొరుకుతాయని. వాళ్ళ పరిశోధనకి అది వరం, నా ఇంకుడు గుంతకి అదే తలనొప్పి. మా ప్లాట్‌లో పైన రేగడి, కింద మొరం, అంటే రాయి చివికి అయిన గరుకు మట్టి.

ముందు జరిగింది చెప్తా. ఇల్లు మొదలుపెట్టేటప్పుడు అందరిలాగే సాయిల్ టెస్ట్ చేయించాం. రిపోర్ట్ వచ్చింది, ఇంజనీర్ చూసి ఫుటింగ్ లోతు చెప్పాడు, అయిపోయింది. తర్వాత వాన నీళ్ళ సంగతి వచ్చినప్పుడు మా కాంట్రాక్టర్ "సాయిల్ టెస్ట్ అయింది కదా సార్, ఇంకెందుకు, నాలుగు అడుగుల గుంత తీసి కంకర పోసేద్దాం" అన్నాడు. నేనూ సరే అనేవాణ్ణే. మా నాయిన మాత్రం ఆ రోజు సైట్ మీదే ఉన్నాడు, నలభై ఏళ్ళు రేగట్ల పత్తి పెట్టిన మనిషి, "నాలుగడుగులల్ల గుంత తీస్తే అది గుంత కాదురా, తొట్టి అయితది, రేగట్ల నీళ్ళు నిలుస్తయి గానీ దిగయి" అన్నాడు. కాంట్రాక్టర్ ఊరుకుంటాడా, ఒక బకెట్ నీళ్ళు తెచ్చి మా ముందే మట్టి మీద గుమ్మరించాడు. ఏప్రిల్ నెల, నేలంతా బీటలు. నీళ్ళు గటగటా మింగేసింది. "చూశారా సార్" అని నా వైపు చూశాడు, మా నాయిన నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వు అర్థం కావడానికే నేను ఈ టెస్ట్‌కి డబ్బులు పెట్టా అనుకోండి.

బిల్డింగ్ కోసం చేసే సాయిల్ టెస్ట్ వేరు, నీళ్ళు ఇంకుతాయా లేదా అని చేసే టెస్ట్ వేరు. మొదటిది నేల ఎంత బరువు మోస్తుందో చెప్తుంది, ఎస్‌బీసీ అంటారు కదా అది. నీళ్ళు గంటకి ఎన్ని మిల్లీమీటర్లు దిగుతాయో అందులో ఉండదు. అలాగని ఆ రిపోర్ట్ అటక మీద పడేయకండి, అందులో బోర్ లాగ్ అని ఒక పేజీ ఉంటుంది, ఎన్ని అడుగుల దాకా ఏ మట్టి ఉంది, నీళ్ళు తగిలాయా లేదా అన్నీ అందులో ఉంటాయి. మాదాంట్లో 6 అడుగుల దాకా నల్లమట్టి, దాని కింద 14 అడుగుల దాకా మొరం, ఆ కింద షీట్ రాక్, అంటే గట్టి బండ, అని రాసుంది. ఆ పేజీ ఉండబట్టే నేను కొన్ని ప్రశ్నలైనా అడగగలిగా.

సరే, ఒకతన్ని అడిగితే ఇంకొకతను చెప్తే ఈ కంపెనీ దొరికింది. ఫోన్‌లో 7000 అన్నారు, ఒక గుంత, రెండు రోజులు, రిపోర్ట్‌తో సహా. లోతెంత అంటే మూడడుగులు అన్నారు. బోర్ లాగ్ ఫొటో వాట్సాప్‌లో పెట్టి, సార్ మూడడుగుల్లో నల్లమట్టే ఉంది, నా గుంత అడుగు మొరంలోకి వెళ్ళాలి కదా, అక్కడ టెస్ట్ చేయకపోతే ఏం లాభం అని అడిగా. అవతల కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "దానికి జేసీబీ కావాలి సార్, మీరే పెట్టుకోవాలి, రెండో గుంతకి ఇంకో 1500" అన్నారు. ఇది నా మొదటి కంప్లైంట్. ఈ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పాలి, కస్టమర్ అడిగేదాకా ఆగకూడదు. నేను అడక్కపోయుంటే మూడడుగుల్లో టెస్ట్ చేసి "ఈ స్థలం పనికిరాదు" అని రాసిచ్చి వెళ్ళిపోయేవాళ్ళు, నేను గుంత మాటే మర్చిపోయేవాణ్ణి. జేసీబీకి 2200 అయింది, మొత్తం కలిపి 10,700.

మే నెలలో వచ్చారు, ఒక కుర్రాడు, ఒక హెల్పర్. ఆ కుర్రాడి గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పొద్దున ఏడున్నరకి వచ్చాడు, ముందు నేలంతా నడిచి చూశాడు, పక్కింటి వాళ్ళ బోరు దసరా టైంలో ఎన్ని అడుగుల్లో నీళ్ళుంటాయో అడిగి రాసుకున్నాడు. ఇప్పుడు కదా కావాల్సింది అంటే, "మేలో ఎక్కడైనా ఎండిపోయే ఉంటుందన్నా, వానలు పడ్డాక నీటిమట్టం పైకొచ్చి గుంత అడుగుని తాకితే ఇంక నీళ్ళు ఎటు పోతాయి" అన్నాడు. సీజన్‌లో పైకొచ్చే మట్టానికి, గుంత అడుగుకి మధ్య కనీసం ఒక మీటరు పొడి నేల ఉండాలట. సెప్టిక్ ట్యాంక్ ఎక్కడో కూడా ముందే అడిగాడు.

మొదటి గుంత నల్లమట్టిలో, రెండడుగులు, చేత్తో తిప్పి దింపే ఆగర్‌తో. నీళ్ళు పోస్తే మళ్ళీ అదే తంతు, ఇరవై నిమిషాల్లో ఖాళీ. నేను కొంచెం ఆశపడ్డా కూడా. అతను మాత్రం రీడింగ్ రాయలేదు, మళ్ళీ నింపు, మళ్ళీ నింపు, సాయంత్రం దాకా నింపుతూనే ఉండమని హెల్పర్‌కి చెప్పి, రాత్రంతా నీళ్ళు నిలిచేలా వదిలేశాడు. నీళ్ళు ఇంకే టెస్ట్‌కి ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించిన మహానుభావుణ్ణి నేనొక్కణ్ణేనేమో. మర్నాడు పొద్దున మళ్ళీ నింపి స్కేల్ పెట్టి చూస్తే గంటకి 4 మిల్లీమీటర్లు. ముందు రోజు ఇరవై నిమిషాల్లో గుంతెడు మింగిన నేల ఇదేనా అనిపించింది. రేగడి ఎండితే బీటలు తీస్తుంది, ఆ బీటల్లోకి నీళ్ళు జారిపోతాయి, తడిశాక మట్టి ఉబ్బి బీటలన్నీ మూసుకుంటాయి, ఇక అంతే, సీల్ వేసినట్టే. కాంట్రాక్టర్ బకెట్ చూపించింది బీటల్ని, మట్టిని కాదు. మా నాయిన నవ్వు అదన్నమాట. ఎండాకాలంలో రాత్రంతా నానబెట్టకుండా ఎవరైనా రీడింగ్ తీసుకుంటుంటే అక్కడే ఆపించండి, ఆ అంకెకి విలువ లేదు.

రెండోది జేసీబీతో. 7 అడుగుల దాకా తవ్వించి, పక్కలు మెట్లుమెట్లుగా కోయించాకే లోపలికి దిగాడు, నిట్టనిలువు గుంతలోకి దిగనన్నాడు, రేగడి ఎప్పుడు విరిగి మీద పడుతుందో తెలీదని. నాకది నచ్చింది. అడుగున మొరంలో ఆరంగుళాల వెడల్పుతో ఇంకో అడుగు ఆగర్ దింపి, అక్కడా అదే నానబెట్టడం, మర్నాడు అరగంటకోసారి రీడింగ్. చివరికి వరుసగా మూడు రీడింగ్‌లు ఒకేలా వచ్చేదాకా కూర్చున్నాడు, అరగంటకి 5 సెంటీమీటర్లు. అంటే గంటకి పది, అబ్బో అనుకున్నా. నా ఆశ మీద మళ్ళీ నీళ్ళు చల్లాడు, "అన్నా, చిన్న గుంతలో నీళ్ళు అడుగు నుంచే కాదు, పక్కల నుంచి కూడా పోతాయి, ఆ పక్కలు తీసేసి లెక్క కట్టాలి" అని ఫోన్‌లో లెక్క వేసి గంటకి 23 మిల్లీమీటర్లు అని తేల్చాడు. పదెక్కడ, రెండుంపావెక్కడ. ఆ సవరణ చేయకుండా 100 మిల్లీమీటర్లు అని రాసిచ్చేవాళ్ళూ ఉంటారట, అలాంటి రిపోర్ట్ పట్టుకుని గుంత కడితే నిండి గేటు ముందు చెరువే.

గంటకి 23 అంటే మామూలుగా ఇసుక కలిసిన గరప నేలకుండేంత, మంచిదే. బంకమట్టికి 1 నుంచి 5 మధ్య ఉంటుంది, మా పైమట్టి సరిగ్గా ఆ లెక్కలోనే పడింది.

తర్వాత గుంత సైజు. దీనికి వాళ్ళకి ఫుల్ మార్కులు. మా స్లాబ్ 1300 చదరపు అడుగులు, అంటే సుమారు 120 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వాన పడితే 6000 లీటర్లు, తడికి ఆవిరికి కొంత తీసేసి 5100 గుంతకొచ్చేవి అనుకోమన్నారు. ఐదడుగుల చదరం, 9 అడుగుల లోతు గుంత, అందులో కంకర నింపితే సందుల్లో పట్టేవి కేవలం 1900 లీటర్లు. ఇది చాలామందికి తెలీదు, నాకూ తెలీదు, గుంత ఎంత ఉంటే అన్ని నీళ్ళు పడతాయనుకుంటాం, కంకరే సగానికి పైన తినేస్తుంది. మొరంలో ఉన్న మూడడుగుల పక్కలు, అడుగు కలిపి గంటకి 180 లీటర్ల చిల్లర ఇంకాలి, కానీ బురద పట్టి మందగిస్తుంది కాబట్టి సగమే లెక్కేసుకోమన్నారు. అంటే మొత్తం నీళ్ళు గుంతకే వదిలితే సరిపోదు. అందుకని ముందు 3000 లీటర్ల సంపు, అది నిండాక పొర్లేవి గుంతకి. సంపు నీళ్ళు ఎలాగూ వాడుకుంటాం. గుంత నిండితే ఒక రోజులో ఖాళీ అవుతుందని చెప్పారు.

మరి 2020 అక్టోబర్ 13న పడ్డట్టు పడితే అని అడిగా, ఆ రోజు హైదరాబాద్‌లో 19 సెంటీమీటర్ల పైనే కదా. "దానికి మీ ఇల్లంతా గుంత తీయాలన్నా" అన్నాడు. నిజాయితీ మనిషి. పొర్లేదానికి రోడ్డు వైపు పైపు మాత్రం తప్పకుండా పెట్టించమన్నాడు.

ఇంకోటి, పై ఆరడుగుల నల్లమట్టికి నీళ్ళు తగలకూడదని సిమెంట్ రింగులు దింపి, చుట్టూ గట్టిగా మూయించారు, ఎందుకంటే రేగడి తడిసి ఉబ్బి ఎండి ముడుచుకుని గోడలకి పగుళ్ళు తెస్తుంది. పునాదికి పదడుగుల దూరం ఉండాలి అన్నారు, మాకు ముందు వదిలిందే 12 అడుగులు, అందులో గుంత ఐదు పోతే మిగిలేది 7. రింగులుంటే పర్లేదన్నారు గానీ, నిజం చెప్పాలంటే ఆ మూడడుగుల తేడా ఇప్పటికీ నా మనసులో కెలుకుతూనే ఉంది.

ఇక తిట్లు. రిపోర్ట్ ఐదు రోజుల్లో అన్నారు, పంతొమ్మిదో రోజున వచ్చింది, అదీ నేను నాలుగుసార్లు ఫోన్ చేస్తే. తెరిచి చూస్తే రెండో పేజీలో "సైట్‌లో ఎర్ర ఇసుక నేల, రెండు సెల్లార్లు" అని ఉంది. సెల్లారా! ఎవరిదో అపార్ట్‌మెంట్ రిపోర్ట్ తీసుకుని అంకెలు మార్చారు, మాటలు మార్చడం మర్చిపోయారు. ఆ కుర్రాడు ఎండలో రెండు రోజులు కూర్చుని తీసిన రీడింగ్‌లకి ఆఫీస్‌లో ఏసీలో కూర్చున్నవాళ్ళు చేసిన మర్యాద అది. ఫ్రీ స్వెల్ అని నల్లమట్టి ఎంత ఉబ్బుతుందో చూసే ల్యాబ్ టెస్ట్ కూడా చేస్తామన్నారు, అందులో 50 శాతం దాటితే జాగ్రత్తపడాలట, మొదటి రిపోర్ట్‌లో ఆ గడి ఖాళీ. అడిగితే మళ్ళీ వారానికి పంపారు, 90 అని. మొత్తం ఇంగ్లీషులో ఉంది, మా నాయినకి నేనే చదివి చెప్పా, "నేను ఉత్తగ చెప్పిన ముచ్చటకి పదివేలు కట్టినవ్" అన్నాడు. ఏమంటాం. అయితే ఆరడుగుల కింద మొరం 23 ఇంకుతుందని మాత్రం ఆయనకి తెలీదు కదా, అది ఒప్పుకున్నాడు.

డబ్బులు పెట్టే ముందు ఇంట్లో ఒకటి చూసుకోవచ్చు, ఖర్చు లేదు. గుంత లోతు మట్టి సగం సీసా తీసుకుని నీళ్ళు పోసి బాగా కుదిపి కిటికీలో పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కి దిగుతుంది, ఒండ్రు రెండు గంటల్లో, బంక మాత్రం మర్నాటికి కూడా నీళ్ళని బురదగా ఉంచుతుంది. మా రేగడి సీసా మూడో రోజుకి కూడా టీ లాగే ఉంది, మా ఆవిడ తెలీక పారబోసింది. బంకే ఎక్కువుంటే ఆ లోతులో టెస్ట్‌కి డబ్బులు తగలేయకండి, ఇంకా కిందికి వెళ్ళండి. ఫిల్లింగ్ చేసిన ప్లాట్ అయితే ఇదీ పనికిరాదు, ఒక మూల సిమెంట్ పెళ్ళలు ఒక మూల చెరువు మట్టి ఉంటుంది, రెండు మూడు చోట్ల చూడాల్సిందే.

2002లో నీళ్ళు, భూమి, చెట్లని కాపాడటానికి వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచీ ఇంకుడు గుంత మాట వింటూనే ఉన్నాం, మా వీధిలో పర్మిషన్ కోసం తీసిన గుంతలు చాలానే ఉన్నాయి, అన్నీ నాలుగడుగులే, అన్నీ రేగట్లోనే. వానాకాలంలో దోమలు అక్కడి నుంచే వస్తాయి.

మాది జూన్‌లో కట్టించాం. జూలైలో ఒక రాత్రి గట్టి వాన పడింది, సంపు నిండి గుంతలోకి పొర్లింది. పొద్దున ఆరింటికి చెక్ పైపులో కర్ర దింపి చూస్తే పైనుంచి రెండడుగుల్లో నీళ్ళు. మర్నాడు పొద్దున మళ్ళీ దింపితే కర్ర చివర బురద తప్ప తడి లేదు. చెప్పిన లెక్కకి కాస్త అటూ ఇటూగా సరిపోయింది.

సైట్ పనికి ఐదు స్టార్లు, ఆఫీస్‌కి ఒకటిన్నర. ఎవరైనా వీళ్ళనే పిలిస్తే డబ్బులు సగం ఆపి, రిపోర్ట్ చేతికొచ్చి రెండో పేజీ చదివాకే మిగతావి ఇవ్వండి. సెల్లార్లు ఉన్నాయేమో చూసుకోండి.