కాన్పుకు ముందు మాత్రా, జెల్లా, బెలూనా: ఏది మేలు?

తొమ్మిది నెలలూ బిడ్డను లోపలే పట్టి ఉంచేది గర్భాశయ ముఖద్వారం. అప్పటిదాకా అది ముక్కు కొనలా గట్టిగా ఉంటుంది. కాన్పు నాటికి పెదవిలా మెత్తబడాలి. ఆ పని ప్రోస్టాగ్లాండిన్లది. ఇవి హార్మోన్ల లాంటివే కానీ, రక్తంలో దూరం పోకుండా పుట్టిన చోటే పనిచేస్తాయి. వీటివల్ల ఎంజైములు కొలాజెన్ అనే గట్టి పీచు ప్రోటీన్ అల్లికను వదులు చేస్తాయి, కణజాలంలోకి నీరు చేరుతుంది.

నెలలు నిండినా ఇది జరగకపోతే, ముఖద్వారం కాన్పుకు ఎంత సిద్ధంగా ఉందో చెప్పే బిషప్ స్కోరు 6 లేదా అంతకన్నా తక్కువుంటే, డాక్టర్లు బయటి సాయం తీసుకుంటారు.

డైనోప్రోస్టోన్ మన ఒంట్లో ఉండే ప్రోస్టాగ్లాండిన్ ఇ2నే. జెల్ అయితే ఫ్రిజ్‌లో ఉంచాలి. అదే మందు యోనిలో పెట్టే, తాడున్న 10 మిల్లీగ్రాముల ఇన్సర్ట్‌గానూ దొరుకుతుంది, గంటకు సుమారు 0.3 మిల్లీగ్రాములు వదులుతుంది. నొప్పులు మితిమీరితే తాడు పట్టి లాగేయొచ్చు. నా దృష్టిలో దీని అసలు బలం అదే.

మిసోప్రోస్టాల్ కడుపులో పుండ్ల కోసం వచ్చిన మందు. చవక, ఫ్రిజ్ అక్కర్లేదు, బాగా పనిచేస్తుంది. కానీ మింగాక వెనక్కి తీయలేం. అందుకే మోతాదు దగ్గర రాజీ పడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది నోటి ద్వారా 2 గంటలకోసారి 25 మైక్రోగ్రాములు. చాలాచోట్ల దొరికే మాత్ర 200 మైక్రోగ్రాములది. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఏ ముక్కలో ఎంత మందుందో ఎవరు చెప్పగలరు? 200 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, 25 మిల్లీలీటర్లు కొలిచి ఇవ్వడం ఎంతో నయం. మోతాదు మించితే నొప్పులు ఎడతెరిపి లేకుండా వచ్చి బిడ్డ గుండె వేగం పడిపోవచ్చు.

బెలూన్ అంటే ముఖద్వారం గుండా సన్నని గొట్టంతో లోపలికి పెట్టి నీటితో ఉబ్బించేది. అందులో మందే లేదు. దాని ఒత్తిడికి శరీరమే సొంత ప్రోస్టాగ్లాండిన్లను వదులుతుంది. నొప్పులు శ్రుతిమించడం తక్కువ.

ముందు సిజేరియన్ అయినవారికి మిసోప్రోస్టాల్ వద్దే వద్దు, పాత కుట్టు దగ్గర గర్భాశయం చిరగొచ్చు. వారికి నేనైతే బెలూన్ వైపే మొగ్గుతాను. బిడ్డ ఎదుగుదల గురించి టెన్షన్ ఉన్నా అంతే. ఏ ఇబ్బందీ లేని తొలి కాన్పుకు మాత్రం, బిడ్డ గుండెను గమనించే ఏర్పాటుంటే, నీళ్లలో కొలిచి ఇచ్చే మిసోప్రోస్టాల్ చాలు.

ఆ తర్వాత నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టాల్సి వస్తే తొందరపడకూడదు. ఇన్సర్ట్ తీశాక కనీసం 30 నిమిషాలు, మిసోప్రోస్టాల్ చివరి మోతాదు తర్వాత కనీసం 4 గంటలు ఆగాలి.