లోహం బంధకంగా మారితే: మాట్ వివరణా, ఆండర్సన్ వివరణా, ఏది మేలు?

లెక్క ప్రకారం నికెల్ ఆక్సైడ్ లోహం కావాలి. 1931లో ఏ.హెచ్. విల్సన్ చెప్పిన పట్టీల సిద్ధాంతం (ఘనపదార్థంలో ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు గుంపులుగా, పట్టీల్లా ఉంటాయనేది) అదే అంటుంది: అందులో నికెల్ డి ఎలక్ట్రాన్ల పట్టీ పూర్తిగా నిండలేదు, కాబట్టి ఎలక్ట్రాన్లు కదలడానికి చోటుంది. తీరా చూస్తే అది ఆకుపచ్చటి బంధకం, అంటే కరెంటును పోనివ్వని పదార్థం. 1937లో డి బోయర్, ఫెర్వే ఈ చిక్కును బయటపెట్టారు. ఎలక్ట్రాన్లు ఆగిపోవడానికి పట్టీ నిండిపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదని అప్పుడు అర్థమైంది.

మరి ఇంకేం కారణం? దీనికి వచ్చిన జవాబుల్లో రెండు పెద్దవి, ఒకటి భౌతిక శాస్త్రవేత్త నెవిల్ మాట్‌ది, ఇంకొకటి మరో భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్‌ది. 1977లో నోబెల్ కమిటీ వీళ్లిద్దరికీ, వాన్ వ్లెక్‌కీ కలిపి బహుమతి ఇచ్చేసి, ఎవరు మేలో తేల్చే పని తప్పించుకుంది. నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: ఎలక్ట్రాన్ ఏం చేస్తోందో ఎవరి వివరణ ఎక్కువ చెబుతుంది?

మాట్ 1949లో చెప్పిన దాని ప్రకారం ఎలక్ట్రాన్లను ఆపేది వాటి మధ్య ఉన్న వికర్షణే. పరమాణువుకు ఒక్కో ఎలక్ట్రాన్ ఉందనుకోండి. అందులో ఒకటి పక్క పరమాణువు మీదికి దూకితే అక్కడ రెండవుతాయి, దానికి శక్తి ఖర్చవుతుంది. అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగడం వల్ల కొంత శక్తి కలిసొస్తుంది. ఖర్చు ఆ లాభాన్ని మించిపోతే ఎలక్ట్రాన్లన్నీ ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. 1963లో హబ్బర్డ్ ఈ బేరాన్ని ఒక చిన్న నమూనాలో పెట్టాడు. ఆ నమూనాను పూర్తిగా సాధించడం మాత్రం ఇప్పటికీ పెద్ద తలనొప్పే.

ఈ వివరణలో నాకు నచ్చేది, మార్పు ఎలా జరుగుతుందో చెప్పే తీరు. బంధకం దగ్గరపడేకొద్దీ ఎలక్ట్రాన్ల సంఖ్య తగ్గనవసరం లేదు, వాటి ప్రభావ ద్రవ్యరాశి, అంటే కదిలేటప్పుడు అవి ఎంత బరువున్నట్టు ప్రవర్తిస్తాయో అది, పెరుగుతుంది. బ్రింక్‌మన్, రైస్ 1970లో ఇది లెక్కగట్టి చూపించారు. స్ట్రాన్షియం టైటనేట్‌లో స్ట్రాన్షియం బదులు లాంథనం పెంచుకుంటూ పోతే, బంధకం అయ్యే హద్దు దగ్గర ఎలక్ట్రాన్లు బరువెక్కడం విశిష్టోష్ణం కొలతల్లో కనిపిస్తుంది. ఇంకో సంగతి: ఆగిపోయేది ఎలక్ట్రాన్ల ఆవేశమే, వాటి స్పిన్‌లు (ఒక్కో ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణం) చచ్చిపోవు. పక్కపక్క స్పిన్‌లు సాధారణంగా ఒకటి పైకి, ఒకటి కిందికి సర్దుకుంటాయి. అంటే కరెంటు పోయిన చోట అయస్కాంతత్వం మిగులుతుంది. నిరోధమే లేకుండా కరెంటు పారించే అధిక ఉష్ణోగ్రత అతివాహకాలకు మూలమైన లాంథనం కాపర్ ఆక్సైడ్ ఇలాంటిదే.

ఆండర్సన్ 1958లో చెప్పిన దానికి వికర్షణతో పని లేదు. పరమాణువులు, మలినాలు అస్తవ్యస్తంగా ఉంటే చాలు. ఎలక్ట్రాన్ తరంగం అన్ని వైపులా చెదిరి, చెదిరిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, చివరికి ఒక చిన్న ప్రాంతం దాటి బయటికి రాలేకపోతుంది. ఇక్కడ శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్ కదలాలంటే దాటాల్సిన కనీస శక్తి, ఉండనవసరం లేదు. ఫెర్మి స్థాయి (ఎలక్ట్రాన్లు నిండిన శక్తి హద్దు) దగ్గర స్థితులు ఉంటాయి, కానీ ఒక్కోటి ఒక్కో మూలన ఇరుక్కుని ఉంటుంది. ఈ ఆలోచన ఎంత దూరం పోతుందో 1979లో ఆండర్సన్, అబ్రహామ్స్, లిసియార్డెల్లో, టి.వి. రామకృష్ణన్ చూపించారు. వికర్షణను పక్కన పెడితే, మామూలు రెండు పరిమాణాల పొరలో కాస్త క్రమరాహిత్యం ఉన్నా, పరమ శూన్య ఉష్ణోగ్రత వద్ద అసలు లోహమే ఉండదట. 2008లో అతిశీతల పరమాణువుల మీద చేసిన ప్రయోగాల్లో తరంగం ఇలా చిక్కుబడిపోవడాన్ని నేరుగా చూశారు.

గణితం అందం చూస్తే ఆండర్సన్‌దే పైచేయి. ఎలక్ట్రాన్ల ప్రవర్తన తెలుసుకోవాలంటే నా ఓటు మాట్‌కే, ఎందుకంటే ద్రవ్యరాశి, స్పిన్, శక్తి అంతరం మూడింటి గురించీ ఒకేసారి చెబుతుంది. అలాగని చేతిలో ఉన్నది అస్తవ్యస్తమైన పలుచటి పొర అయితే మాట్‌ను పట్టుకుని వేలాడకూడదు. చల్లబరుస్తూ నిరోధం కొలవండి. నిరోధపు లాగరిథం ఉష్ణోగ్రత విలోమానికి అనులోమంగా పెరిగితే అంతరం ఉన్నట్టు అనుకోవచ్చు. అలా కాక ఉష్ణోగ్రత నాలుగో మూలపు విలోమాన్ని అనుసరిస్తే, ఎలక్ట్రాన్లు ఒక గుంట నుంచి దూరపు గుంటకు గెంతుతున్నట్టు. తమాషా ఏమిటంటే ఆండర్సన్ తరహా పదార్థాలకు వాడే ఈ రెండో సూత్రం కూడా మాట్‌దే!

ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్‌లో ఇద్దరినీ విడదీయడం కుదరదు. ఘన సెంటీమీటరుకు సుమారు 3.7×10¹⁸ ఫాస్ఫరస్ పరమాణువులు, అంటే 13,500 సిలికాన్‌లకు ఒకటి, దాటితే లోహం, తగ్గితే బంధకం. పరమాణువులు ఎంత దగ్గరగా చేరితే లోహం అవుతుందో చెప్పే మాట్ మరో సూత్రం ఈ అంకెకు బాగా దగ్గరగా వస్తుంది. కానీ ఫాస్ఫరస్ ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది కాబట్టి ఆండర్సన్‌ను బయట నిలబెట్టలేం.

అసలు గొడవంతా వనేడియం డయాక్సైడ్ దగ్గరే. దాదాపు 68 డిగ్రీల సెల్సియస్ కింద అది బంధకం, పైన లోహం; మంచి స్ఫటికంలో నిరోధం లక్ష రెట్ల దాకా మారుతుంది. ఇక్కడ మూడో వాదన కూడా ఉంది, పయర్ల్స్‌ది: చల్లబడినప్పుడు వనేడియం పరమాణువులు జతలు కడతాయి, ఆ జతకట్టడమే పట్టీలో అంతరం తెస్తుంది, వికర్షణ అక్కర్లేదు. వినడానికి బాగుంది. అయితే కాస్త క్రోమియం కలిపితే ఎం2 అనే దశ వస్తుంది. అందులో సగం వనేడియం వరుసలే జతకడతాయి. జతకట్టని వరుసల్లో ఎలక్ట్రాన్లు కదలాలి కదా? కదలవు, అదీ బంధకమే. ఆ వరుసల్లో ఎలక్ట్రాన్లు స్పిన్‌లు నిలుపుకుని ఎవరి చోట అవి కూర్చున్నాయి, అచ్చం మాట్ చెప్పినట్టే. అందుకే జతకట్టడానికి సాయపడే పాత్ర ఇచ్చి, ఎలక్ట్రాన్లను ఆపే పనిలో పెద్ద వాటా వికర్షణదే అంటాను.