త్రిశూలా, సున్‌కోసీనా: రాఫ్ట్ గైడ్ పని ఎక్కడ నేర్చుకోవాలి?

రుషికొండ అలల్లో ఈత అలవాటైన వైజాగ్ కుర్రాళ్లు రాఫ్ట్ (నది ఉరవళ్లలో తెడ్లతో నడిపే గాలి పడవ) నడపడం నేర్చుకోవాలనుకుంటే, నేపాల్‌లో రెండు దారులున్నాయి.

త్రిశూలి నది ఖాఠ్మండు - పోఖరా హైవే పక్కనే చాలా దూరం పారుతుంది. పొద్దున దిగి మధ్యాహ్నానికి ఒడ్డు చేరితే, మర్నాడు మళ్లీ అదే ఉరవళ్లలో సాధన చేయొచ్చు. ఇదే దాని గొప్ప. సముద్రంలో అల మన మీదికి వస్తుంది. నదిలో నీళ్లు పరిగెడతాయి, అల మాత్రం బండ దగ్గరే నిలబడి ఉంటుంది. ఈ తేడా ఒంటికి పట్టాలంటే ఒకే చోట పదే పదే తెడ్డు వేయాలి. రాఫ్ట్ అడ్డం తిరిగి బండకు ఆనుకుంటే ఎవరికైనా వెనక్కి జరగాలనిపిస్తుంది. జరిగారో, ఎగువ నుంచి వచ్చే నీరు రాఫ్ట్ ఎగువ అంచును తొక్కేసి రాఫ్ట్‌ను బోల్తా కొట్టిస్తుంది. గైడ్ ‘హై సైడ్’ అనగానే అందరూ బండవైపే దూకాలి.

సున్‌కోసి నది మీద యాత్ర దోలాల్‌ఘాట్ నుంచి చతరా దాకా, సుమారు 270 కిలోమీటర్లు. వారం పైమాటే. సామాను కట్టడం, ఇసుకతిన్నెల మీద వంట, ఉపనదులు కలిసేకొద్దీ పెరిగే ప్రవాహం, ఇవన్నీ అక్కడే వస్తాయి. కానీ చాలాచోట్ల రోడ్డు దూరం. దెబ్బ తగిలితే సాయం అందడం ఆలస్యం.

నన్నడిగితే ముందు త్రిశూలి, చెయ్యి తిరిగాకే సున్‌కోసి. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. వానలు తగ్గాక, అక్టోబరు - నవంబరుల్లో వెళ్లండి.