పిండి తగ్గించాలా, కొవ్వు తగ్గించాలా?

బరువు తగ్గాలని పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే మొదటి వారంలోనే కిలో, రెండు కిలోలు దిగొచ్చు. అప్పుడే సంబరపడకండి, అందులో ఎక్కువ నీరే. తిన్న పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది. అది ఒక్కో గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. మళ్లీ మామూలుగా తింటే తిరిగొస్తుంది కూడా.

తిండిలో కొవ్వు తగ్గిస్తే ఆ ఊపు కనపడదు. కానీ గ్రాము కొవ్వులో 9 కేలరీలు, పిండిలో 4. ప్లేటు నిండుగానే ఉంటుంది, కేలరీలు తగ్గుతాయి.

2018లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో 609 మంది పాల్గొన్నారు. ఏడాదికి కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు.

నేనైతే రాత్రి పదింటికి ఫ్రిజ్ తలుపు తీయించని పద్ధతినే ఎంచుకుంటాను.